పట్టా ఎవరి పేరున? పందొమ్మిదో శతాబ్దపు పసిఫిక్‌లో మిషనరీలు, దీవుల ప్రజలు, సామ్రాజ్యాలు

1797 మార్చి 5న ‘డఫ్’ అనే ఓడ తహితీ దీవిలోని మటవాయి తీరంలో లంగరు వేసింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన ముప్ఫై మంది దాకా అందులో ఉన్నారు. వాళ్లలో అభిషేకం పొందిన పాస్టర్లు నలుగురే. మిగతావాళ్లు వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, దర్జీలు, నేతపనివాళ్లు. ఓడ కెప్టెన్ జేమ్స్ విల్సన్ దక్షిణ భారతాన్ని బాగా ఎరిగినవాడు. అంతకు కొన్నేళ్ల ముందు హైదర్ అలీ సైన్యానికి చిక్కి శ్రీరంగపట్నం చెరలో దాదాపు రెండేళ్లు మగ్గాడు. ఇదే సొసైటీ 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరిని విశాఖపట్నం పంపింది. మతం మారిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో వాళ్లు మొదలుపెట్టిన తెలుగు అనువాదం 1812లో మూడు సువార్తలుగా అచ్చయింది. తెలుగు బైబిలు పని, తహితీ బైబిలు పని ఒకే సొసైటీ ఖర్చు మీద నడిచాయన్నమాట.

తేడా ఒకటుంది. క్రాన్ విశాఖలో దిగేనాటికి అక్కడ కంపెనీ దొరతనం పాతుకుపోయింది. డఫ్ చేరేనాటికి తహితీలో ఏ యూరప్ దేశపు జెండా లేదు. ఇంకో నలభై అయిదేళ్ల దాకా రాలేదు కూడా. పసిఫిక్‌లో చాలా చోట్ల ఇదే వరస. తిమింగలాల వేట ఓడలు, చందనం వ్యాపారులు, మిషనరీలు ముందొచ్చారు, జెండా ఆలస్యంగా వచ్చింది. ఈ వరస చూసే ‘బైబిలు చేతికిచ్చి నేల లాక్కున్నారు’ అనే మాట స్థిరపడింది. ఆ మాట వెనకున్న బాధ నిజమైనదే. కానీ అది దీవుల ప్రజలను ఏమీ తెలియని అమాయకుల కింద జమకట్టేస్తుంది. వాళ్ల రాజులు, రాణులు, బోధకులు తమ లెక్కలు తాము వేసుకున్నారు. కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. ఒక్కో దీవి కథ దగ్గరగా చూస్తే బయటపడేది వేరే సంగతి. ఎవరి దేవుణ్ణి మొక్కారన్న దాని కంటే, నేలను ఎవరి పేరున, ఏ షరతు మీద రాశారన్నదే ఆ జాతుల గతిని ఎక్కువగా మార్చింది.

తహితీలో మొదటి పదిహేనేళ్లు మిషన్‌కు దక్కింది దాదాపు శూన్యం. 1808లో రాజు రెండో పొమారే యుద్ధంలో ఓడి పక్కనున్న మోరేయా దీవికి పారిపోయాడు. మిషనరీల్లో చాలామంది సిడ్నీ దారి పట్టారు. తాపీ పని తెలిసిన హెన్రీ నాట్ మాత్రం కదల్లేదు. రాజ్యం పోయిన రాజుకు తన కులదైవం ‘ఓరో’ తనను వదిలేసినట్టు తోచింది. 1812లో కొత్త మతం తీసుకుంటానని చెప్పాడు. 1815 నవంబర్ 12న జరిగిన ఫేయ్ పీ పోరులో గెలిచాడు. గెలిచిన రోజున ఓడినవాళ్ల ఇళ్ల మీద పడొద్దని, ఆడవాళ్లను పిల్లలను ముట్టుకోవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడి యుద్ధాలకు ఇది పూర్తిగా కొత్త. ప్రాణభయంతో కొండల్లో దాక్కున్న శత్రువులు దిగివచ్చారు. ఊళ్లకు ఊళ్లు మతం మారింది ఆ తర్వాతే. ప్రసంగాలు పదిహేనేళ్లలో చేయలేని పని ఒక రాజు చూపిన క్షమ ఒక్క పూటలో చేసింది.

అంతకన్నా మనసుకు హత్తుకునే దృశ్యం 1817 జూన్ 30 నాటిది. విలియం ఎల్లిస్ అనే మిషనరీ మోయించుకొచ్చిన ముద్రణ యంత్రాన్ని మోరేయాలోని అఫారేయైటులో బిగించారు. బయట జనం కిక్కిరిసి ఉండగా పొమారే స్వయంగా సీసపు అక్షరాలు పేర్చి మొదటి పేజీ అచ్చు తీశాడు. తర్వాత లూకా సువార్త అచ్చయితే జనం కొబ్బరి నూనె తెచ్చిచ్చి ప్రతులు కొనుక్కున్నారు. అనువాదంలో నాట్ పక్కన కూర్చుని మాట మాటకూ తహితీ పదం తేల్చినవాడు ఈ రాజే. 1819లో బాప్తిస్మం తీసుకున్నాడు, అదే ఏడాది దీవికి మొదటిసారి రాతపూర్వక చట్టం ప్రకటించాడు.

ఆ చట్టాలతో పాటే నష్టమూ మొదలైంది. నాట్యం, పచ్చబొట్టు, పాత పాటలు నేరాల జాబితాలోకి ఎక్కాయి. మరాయెలు అనే రాతి ఆలయాలను కూల్చారు. తరాలుగా నోటి మీద నిలిచిన వంశావళులు, సముద్ర ప్రయాణపు విద్య చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఒక జాతికి అక్షరం నేర్పిన చేయే ఆ జాతి నోరు కట్టేయడం మీద ఎంత కోపం వచ్చినా అది న్యాయమైన కోపమే. దాన్ని మంచి ఉద్దేశం పేరుతో తేలిక చేయకూడదు.

ఇక జెండా సంగతి. పొమారే కూతురు నాలుగో పొమారే రాణి అయ్యాక ఆమెకు సలహాలిచ్చినవాడు జార్జ్ ప్రిచర్డ్. మిషనరీగా వచ్చి 1837లో బ్రిటిష్ కాన్సుల్ అయ్యాడు. 1836లో ఇద్దరు ఫ్రెంచ్ కేథలిక్ ప్రీస్టులను దీవి నుంచి వెళ్లగొట్టడంలో ఆయన చేయి ఉంది. రెండేళ్లకు ఫ్రెంచ్ యుద్ధనౌక వచ్చి క్షమాపణ, రెండు వేల పియాస్టర్ల జరిమానా వసూలు చేసింది. 1842లో ఫ్రాన్స్ రక్షిత రాజ్యం అంటూ సంతకాలు పెట్టించుకుంది. 1844లో ప్రిచర్డ్‌ను జైల్లో వేసి దేశం దాటించింది. రాణి బ్రిటన్‌కు మొరపెట్టుకుంది, సాయం రాలేదు. తహితీ వాళ్లు 1844 నుంచి 1846 దాకా ఫ్రెంచ్ సైన్యంతో పోరాడి ఓడారు. 1880లో దీవి పూర్తిగా ఫ్రాన్స్ వలస అయింది. మిషనరీలు ఏళ్ల తరబడి రక్షణ ఇమ్మని అడిగినా లండన్ ఖర్చుకు వెనకాడింది. ప్రొటెస్టెంట్ మిషనరీ పునాది వేసిన దీవి చివరికి కేథలిక్ ఫ్రాన్స్ చేతికి పోయింది. సామ్రాజ్యం తన అవసరం మీద వస్తుంది, మిషనరీ పిలుపు మీద కాదు.

పసిఫిక్ అంతటా మతాన్ని మోసుకెళ్లినవాళ్లు ఎవరన్నదీ సరిగా చెప్పుకోవాలి. చర్చి గోడల మీద ఎక్కువగా కనిపించేది జాన్ విలియమ్స్ లాంటి తెల్లవాళ్ల పేర్లు. కానీ 1823లో రారోటొంగా దీవిలో ఒంటరిగా దిగినవాడు రయియాటియా దీవికి చెందిన పపేయిహా. అప్పటికే ఐటుటాకీ దీవిలో రెండేళ్లు పనిచేసి వచ్చాడు. విలియమ్స్ ఓడ వెనుదిరిగింది, పపేయిహా ఉండిపోయాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, అక్కడే ముసలివాడయ్యాడు. 1830లో సమోవాకు దారి చూపినవాడు ఫౌయేయా అనే సమోవా మనిషి. టోంగాలో ఓడ ఎక్కి వచ్చాడు. మొదటి రోజే ఆటపాటలను తిట్టకండి, జనం దూరమవుతారు అని బోధకులకు ముందే చెప్పాడు. అతని లోకజ్ఞానం లేకపోతే ఆ ప్రయాణం ఏమయ్యేదో! అక్కడ దిగిన ఎనిమిది మంది బోధకులూ తహితీ, కుక్ దీవుల ప్రాంతాలవాళ్లే.

వీళ్లను ‘టీచర్లు’ అనేవారు. తెలుగు పల్లెల్లో ఉపదేశులు అనేవాళ్ల లాంటి స్థానం అది. పని అంతా వాళ్లది, పేరు, జీతం, అధికారం దొరలది. 1839లో రారోటొంగాలో టకమోవా, 1844లో సమోవాలో మలువా శిక్షణ శాలలు పెట్టారు. అక్కడ చదివినవాళ్లు భార్యాబిడ్డలతో సహా భాష తెలియని పాపువా తీరాలకు వెళ్లారు. మలేరియాతో ఎందరో పోయారు. 1870ల్లో పోర్ట్ మోర్స్‌బీ ప్రాంతంలో పాతుకుని పనిచేసిన రువాటోకా మంగాయియా దీవి మనిషి. ఆ తీరం మీద బ్రిటిష్ జెండా 1884లో కానీ ఎగరలేదు.

విలియమ్స్ చావు గురించి ఒక మాట. 1839 నవంబర్ 20న ఎర్రొమాంగో దీవిలో ఆయన్నీ, జేమ్స్ హ్యారిస్ అనే యువకుణ్ణీ చంపేశారు. యూరప్‌లో ఇది ‘నరభక్షకుల క్రూరత్వం’గా ప్రచారమైంది. అంతకు పదేళ్ల ముందే చందనం కోసం వచ్చిన ఓడలవాళ్లు ఆ దీవిలో రక్తపాతం సృష్టించిన సంగతి ఆ కథల్లో ఉండదు. తీరంలో దిగిన తెల్లమనిషి ఎవరైనా ఆ దీవి వాళ్లకు చందనం ఓడ మనిషే. 2009లో, సరిగ్గా 170 ఏళ్లకు, విలియమ్స్ వంశస్థులు ఎర్రొమాంగో వెళ్లారు. చంపినవాళ్ల వంశస్థులు క్షమాపణ చెప్పి రాజీ చేసుకున్నారు.

ఈ వ్యాసానికి గుండెకాయ లాంటిది హవాయి, టోంగాల పోలిక. రెండూ పాలినీషియన్ జాతులే. రెండు చోట్లా బలమైన రాజు దీవులన్నిటినీ ఏకం చేశాడు. రెండు చోట్లా మిషనరీ మనుషులు రాజుల పక్కన కూర్చుని రాజ్యాంగాలు రాయించారు. ఒకటి రాజ్యం పోగొట్టుకుంది, రెండోదానిలో ఆ రాజవంశం నేటికీ సింహాసనం మీద ఉంది.

హవాయిలో పాత మతం మిషనరీలు రాకముందే కూలింది. 1819లో కమేహమేహా రాజు చనిపోయిన కొద్ది నెలలకే ఆయన భార్య కాహుమాను, కొడుకు లిహోలిహో కలిసి ‘కపు’ అనే నిషేధాల వ్యవస్థను రద్దు చేశారు. ఆడ మగ కలిసి భోంచేయకూడదు, ఆడవాళ్లు అరటిపండు, కొబ్బరి, పంది మాంసం ముట్టకూడదు అనే కట్టడి అది. కొత్త రాజు అందరి ముందూ ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాడు, అంతే. అమెరికన్ మిషనరీలు దిగింది 1820 వసంతంలో. ఖాళీ అయిన చోటును వాళ్లు నింపారు. రాయడానికి పన్నెండు అక్షరాల వర్ణమాల కూర్చారు. ఒక్క తరంలో హవాయి జనం చదవడం నేర్చుకున్నారు. పెద్ద వయసు వాళ్లు, నాయకులు ముందు వరసలో కూర్చుని దిద్దుకున్నారు.

అదే కాలంలో జనం రాలిపోతున్నారు. ఓడలతో వచ్చిన జబ్బులు ఊళ్లను ఖాళీ చేశాయి. 1832 ప్రాంతంలో మిషనరీలు లెక్కపెట్టినప్పుడు సుమారు లక్షా ముప్ఫై వేల మంది ఉన్నారు. 1853 జనాభా లెక్కల్లో స్థానికులు 71 వేలు, 1890లో మిశ్రమ సంతతితో కలిపి 40 వేలు. ఇంత మంది చచ్చిపోతున్న చోట ఖాళీ పడే నేల మీద ఎవరి కన్ను పడుతుందో ఊహించడం కష్టం కాదు.

విలియం రిచర్డ్స్, జెరిట్ జడ్ లాంటివాళ్లు మిషన్ వదిలి రాజు కొలువులో చేరారు. 1840లో రాజ్యాంగం వచ్చింది. 1843లో ఒక బ్రిటిష్ నౌకాధికారి అయిదు నెలలు దీవులను ఆక్రమించి వెళ్లాడు. ఆ భయంలోంచే ‘మాహెలే’ అనే భూ విభజన పుట్టింది. రేపు ఏ విదేశీ ఆక్రమించినా రాజ్యం పోతుంది గానీ సొంత పట్టా ఉన్న నేల పోదు అనేది సలహాదారుల వాదన. 1848లో రాజు, నాయకులు నేలను పంచుకున్నారు. 1850లో సామాన్యులకు పట్టాలిచ్చే చట్టం, విదేశీయులు నేల కొనొచ్చనే చట్టం ఒకే వేసవిలో వచ్చాయి. గడువులోగా అర్జీ పెట్టాలి, సాక్షులను తేవాలి, సర్వే ఖర్చు భరించాలి. పాస్‌బుక్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తెలుగు రైతుకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. మొత్తం నలభై లక్షల ఎకరాల పైచిలుకు నేలలో సామాన్యులకు దక్కింది ముప్ఫై వేల ఎకరాలు కూడా లేదు. నూటికి ఒక పాలు కన్నా తక్కువ.

సరిగ్గా అప్పుడే బోస్టన్‌లోని మిషన్ బోర్డు జీతాల భారం తగ్గించుకోవాలని చూసింది. మిషనరీ కుటుంబాలు ఇక్కడే పౌరులుగా స్థిరపడి, ఆస్తి సంపాదించుకుని బతకొచ్చని వెసులుబాటు ఇచ్చింది. తండ్రులు చౌకగా నేల తీసుకున్నారు, కొడుకులు చెరకు వేశారు. రాజకుటుంబం పిల్లల బడి నడిపిన ఏమోస్ కుక్, మిషన్ లెక్కలు చూసిన శామ్యూల్ క్యాసిల్ కలిసి 1851లో పెట్టిన వ్యాపారం తర్వాతి కాలంలో పంచదార సామ్రాజ్యాల్లో ఒకటైంది. కుక్ బడిలో చదువుకున్న పిల్లల్లో లిలియుఓకలాని ఒకరు. ఆమె రాణి అయ్యాక, 1893 జనవరి 17న, అమెరికా నౌకాసైనికుల అండతో ఆమెను గద్దె దించిన వర్గానికి ముందు నడిచిన లోరిన్ థర్‌స్టన్ మొదటి మిషనరీల మనవడు. ఆ తర్వాత ప్రభుత్వాధిపతి అయిన శాన్‌ఫర్డ్ డోల్ మిషనరీ కొడుకు. 1898లో అమెరికా దీవులను కలిపేసుకుంది.

దీనికి ముందు ఏడాది హవాయి జనం చేసిన పని మరవరానిది. విలీనం వద్దంటూ ఇరవై ఒక్క వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. మొత్తం స్థానిక జనాభా సుమారు నలభై వేలని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది. వేలిముద్రలు కావు అవి, సొంత చేతిరాతతో పెట్టిన సంతకాలు. మిషనరీ తాతలు నేర్పిన అక్షరాలతో మిషనరీ మనవలకు వ్యతిరేకంగా రాశారు. రాణి కడదాకా క్రైస్తవురాలిగానే ఉంది. ఇక్కడ మతానికి, దోపిడీకి మధ్య గీత ఎక్కడుందో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

టోంగాలో తౌఫాహౌ అనే నాయకుడు 1831లో బాప్తిస్మం తీసుకుని జార్జ్ పేరు పెట్టుకున్నాడు. టోంగా నోట అది సియావోసి. 1845 నాటికి దీవులన్నిటికీ రాజయ్యాడు. విదేశీయులకు నేల అమ్మకూడదని 1850 నాటి చట్టంలోనే రాయించాడు. 1853లో సిడ్నీ వెళ్లినప్పుడు వీధుల్లో పడుకున్న మనుషులను చూశాడు. వాళ్లకు ఇల్లూ నేలా లేవని తెలిసి కలత చెందాడు. అమ్ముకునే హక్కు అంటూ ఉంటే అమ్ముకుని రోడ్డున పడేవాడూ ఉంటాడని ఆయన గ్రహించాడు. 1862లో నాయకుల వెట్టి నుంచి సామాన్యులను విడిపించాడు. 1875 నవంబర్ 4న రాజ్యాంగం ప్రకటించాడు. నేల అంతా రాజుది, కౌలుకు ఇవ్వొచ్చు, అమ్మడానికి వీల్లేదు. తర్వాతి చట్టాలు పన్ను కట్టే ప్రతి మగవాడికీ ఎనిమిదింపావు ఎకరాల కమతం హక్కుగా ఇచ్చాయి. ఆడవాళ్లకు ఆ హక్కు లేకపోవడం దాని పెద్ద లోపం.

ఆ రాజ్యాంగం రాయడంలో రాజుకు కుడిభుజం షిర్లీ బేకర్ అనే వెస్లియన్ (మెథడిస్టు) మిషనరీ. 1880లో ఆయన ప్రధానమంత్రి కూడా అయ్యాడు. మంచివాడని చెప్పలేం. అధికారం రుచి మరిగాడు. 1885లో రాజు సొంత చర్చి పెట్టినప్పుడు పాత చర్చిని వదలనివాళ్లను నానా హింసలూ పెట్టారు. 1887లో బేకర్ మీద హత్యాయత్నం జరిగింది, దానికి ఆరుగురిని కాల్చి చంపారు. 1890లో బ్రిటిష్ హైకమిషనర్ ఆయన్ను దీవి నుంచి పంపించేశాడు. అయితే బేకర్ పోయాడు, చట్టం మిగిలింది. 1900లో టోంగా బ్రిటన్ రక్షణ కిందికి వెళ్లినా రాజు రాజుగానే ఉన్నాడు, నేల నేలగానే ఉంది.

భూచట్టం ఒక్కటే అంతా చేసిందనడం అతిశయోక్తి అవుతుంది. హవాయి విస్తీర్ణం టోంగాకు ఇరవై రెట్లకు పైగా. చెరకుకు పనికొచ్చే మైదానాలున్నాయి. యుద్ధనౌకలకు పెర్ల్ హార్బర్ ఉంది. అమెరికా మార్కెట్ దగ్గర. టోంగా మీద అంత ఆశ ఎవరికీ లేదు. అయినా సరే, 1893లో రాణిని దించినవాళ్ల బలం ఎక్కడిదంటే చెరకు తోటలది. తోటలు వాళ్ల చేతికి వచ్చింది 1850 చట్టంతో. ఆ ముడి విప్పలేనిది.

న్యూజిలాండ్‌లో అదే పని ఒక మాట చేసింది. 1840 ఫిబ్రవరి 4 రాత్రి మిషనరీ హెన్రీ విలియమ్స్, ఆయన కొడుకు ఎడ్వర్డ్ కూర్చుని బ్రిటిష్ రాణికి, స్థానిక మావోరీ నాయకులకు మధ్య కుదరబోయే వైతాంగి ఒడంబడికను మావోరీ భాషలోకి అనువదించారు. ఇంగ్లిష్ ప్రతిలో నాయకులు సార్వభౌమాధికారం మొత్తాన్ని రాణి విక్టోరియాకు వదులుకుంటారు. మావోరీ ప్రతిలో వాళ్లు ఇచ్చేది ‘కావనతంగ’. గవర్నర్ అనే మాటను మావోరీ నోటికి తిప్పి చేసిన పదం అది. మావోరీ బైబిల్లో పొంతి పిలాతును ‘కావన’ అన్నారు. అంటే ఒక అధికారి పెత్తనం. రెండో షరతులో నేల, ఊళ్లు, విలువైనవన్నీ ‘రంగతిరతంగ’ కింద, అంటే నాయకత్వపు పూర్తి హక్కు కింద, మావోరీలకే ఉంటాయని ఉంది. ఇదే విలియమ్స్ 1835 స్వాతంత్ర్య ప్రకటనను అనువదించినప్పుడు సార్వభౌమాధికారానికి ‘మన’ (mana) అనే మావోరీ మాట వాడాడు. అధికారం, ప్రతిష్ఠ అని దానర్థం. ఆ ‘మన’ను వదులుకోమంటే ఏ నాయకుడూ సంతకం పెట్టడు. అయిదేళ్ల తర్వాత ఆ మాట కనబడకపోవడం పొరపాటు అని నమ్మడం కష్టం.

అచ్చు పని చేసే మిషనరీ విలియం కొలెన్సో సంతకాల రోజునే లేచి, ఈ నాయకులకు విషయం పూర్తిగా అర్థమైందా అని గవర్నర్ కాబోయే హాబ్సన్‌ను అడిగాడు. పట్టించుకోలేదు. అయిదు వందల మందికి పైగా సంతకాలు చేశారు, ఇంగ్లిష్ ప్రతి మీద చేసింది ముప్ఫై తొమ్మిది మందే. నేల నీడ రాణికి పోతుంది, నేల మనకే ఉంటుంది అని నోపెరా పనకారెయావో అనే నాయకుడు ఆ ఏడాది తనవాళ్లకు చెప్పాడు. ఏడాది తిరక్కుండా మాట మార్చుకున్నాడు: నేల రాణికి పోయింది, మనకు మిగిలింది నీడే. 1860ల్లో యుద్ధాలు, జప్తులు వచ్చాయి. 1865లో పెట్టిన భూమి కోర్టు గోత్రం అంతటి ఉమ్మడి నేలను పది మంది పేర్ల మీదకు మార్చింది. ఆ పది మందిలో ఒకడు అప్పుపడితే చాలు, నేల జారిపోయేది.

మధ్యలో మనుషుల వేట కూడా సాగింది. 1862, 63ల్లో పెరూ ఓడలు ఈస్టర్ దీవి, టొకెలావ్, టువాలు నుంచి వందల కొద్దీ జనాన్ని ఎత్తుకుపోయాయి. 1863 నుంచి క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకు అరవై వేల మందికి పైగా దీవుల వాళ్లను తరలించారు. వాళ్లలో కొందరు ఇష్టపడి వెళ్లారు, చాలామందిని మోసంతో, బలవంతంతో తీసుకెళ్లారు. దీనికి ఎదురు మాట్లాడిన వాళ్లలో మిషనరీలు ముందున్నారు. 1871లో నుకాపు దీవిలో బిషప్ ప్యాటిసన్‌ను చంపింది అలాంటి అపహరణలకు ప్రతీకారంగానే అని నాటి జనం నమ్మారు. మరుసటి ఏడాదే బ్రిటన్ పార్లమెంటు దీవుల వాళ్ల రక్షణ కోసం చట్టం చేసింది.

ఫిజి దగ్గరికి వస్తే కథ తెలుగు ఇళ్ల గుమ్మం తొక్కుతుంది. 1835లో టోంగా మీదుగా ఇద్దరు వెస్లియన్ మిషనరీలు లకెంబా దీవిలో దిగారు. 1854లో బావు దీవి నాయకుడు థకోంబౌ మతం మారాడు. మరుసటి ఏడాది టోంగా రాజు సైన్యం తోడుతో శత్రువులను గెలిచాడు. కానీ అమెరికన్ కాన్సుల్ ఇల్లు కాలినందుకు మోపిన నష్టపరిహారం ఏటా పెరుగుతూ ఆయన మెడకు ఉరైంది. అప్పులు, పత్తి తోటల తెల్లవాళ్ల ఒత్తిడి కలిసి 1874 అక్టోబర్ 10న లెవూకాలో దీవులను బ్రిటన్‌కు అప్పగించేదాకా తెచ్చాయి. ఆ వేడుకలకు కొనసాగింపుగా సిడ్నీ వెళ్లి 1875లో తిరిగొచ్చిన థకోంబౌ ఓడలో తట్టు జబ్బు కూడా వచ్చింది. కొద్ది నెలల్లో సుమారు నలభై వేల మంది పోయారు.

మొదటి గవర్నర్ ఆర్థర్ గోర్డన్ రెండు నిర్ణయాలు చేశాడు. ఫిజియన్ల నేల అమ్మకానికి వీల్లేదు, ఫిజియన్లను తోటల కూలికి లాగకూడదు. చావుల నుంచి కోలుకుంటున్న జాతికి అది పెద్ద రక్ష. ఇవాళ్టికీ ఫిజిలో అయిదింట నాలుగు వంతులకు పైగా నేల స్థానిక కుటుంబాల ఉమ్మడి సొత్తుగా ఉందంటే దాని వేరు అక్కడుంది. మరి చెరకు ఎవరు నరకాలి? గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్ గవర్నర్‌గా పనిచేసినవాడు. జవాబు ఆయనకు తెలుసు. 1879 మే 14న ‘లియోనిడాస్’ ఓడ కలకత్తా నుంచి మొదటి భారత కూలీలను దించింది. 1916 దాకా అరవై వేలకు పైగా వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు నడిచాయి. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాల వాళ్లు వాటిలో ఎక్కారు. అయిదేళ్ల అగ్రిమెంటు, వాళ్ల నోట ‘గిర్మిట్’. మగవాడికి రోజుకు షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. దెబ్బలు, జరిమానాలు, ఆత్మహత్యలు.

ఫిజియన్ల నేల కాపాడిన ధర్మబుద్ధి గొప్పదే. దాని ఖరీదు మాత్రం వేరే దేశపు పేదలు కట్టారు. ఈ లెక్క ఆ కాలపు మిషన్ నివేదికల్లో చాలాకాలం కనిపించలేదు. మెథడిస్టుల దృష్టంతా ఫిజియన్ల మీదే ఉండేది. 1897లో వచ్చిన హన్నా డడ్లీ సువాలో భారతీయ పిల్లలకు బడి పెట్టింది. జాన్ బర్టన్ అనే మిషనరీ కూలీలు ఉండే ‘లైన్ల’ నరకాన్ని 1910లో పుస్తకంలో రాశాడు. ఒకప్పుడు మిషనరీగా భారత్ వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్ 1916లో ఇచ్చిన నివేదిక ఆ వ్యవస్థ అంతానికి తోడ్పడింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. దక్షిణాది వాళ్లు 1926లో నాంది (Nadi) పట్టణంలో సంఘం పెట్టుకున్నారు. తెలుగువాళ్లు 1941లో తమకంటూ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

విడుదలైనవాళ్లు చెరకు కౌలు రైతులయ్యారు. నేల కొనలేరు, కౌలుకే. 1976 చట్టం కౌలు గడువును ముప్ఫై ఏళ్లుగా పెట్టింది. 1997 నుంచి పాత కౌళ్లు ఒక్కొక్కటిగా తీరుతూ వచ్చాయి. చాలా చోట్ల నేల సొంతదారులు తిరిగి ఇవ్వలేదు. వాళ్ల పిల్లలకూ నేల కావాలి మరి. మూడు నాలుగు తరాలు దున్నిన చేలు వదిలి కొందరు సువా శివార్లలో గుడిసెలు వేసుకున్నారు. వీలైనవాళ్లు సిడ్నీకి, ఆక్లాండ్‌కు వెళ్లారు. ఆక్లాండ్ చేరినవాళ్లు దిగిన దేశంలో 1840 నాటి ‘కావనతంగ’ అనే మాట అర్థం ఇంకా విచారణలోనే ఉంది. ఉత్తరాది నాయకులు ఆ ఫిబ్రవరిలో సార్వభౌమాధికారం వదులుకోలేదని ఆ ఒడంబడిక ఫిర్యాదులను విచారించే వైతాంగి ట్రిబ్యునల్ 2014లో తేల్చి చెప్పింది.